మొదటి బెంచీ సంపాదన

ఇస్త్రీ దుకాణం వారి చిన్నమ్మాయిని, నలభై ఆరేళ్లదాన్ని, విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పేదాన్ని అయిన నేను, వచ్చే వారం ఆపరేషన్‌కి వెళ్లబోతూ, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరుగారు రాసిచ్చారు. నాకు అన్నిటి మీదా ఉన్నట్టే దాని మీదా కాస్త అనుమానమే గానీ, ఆవిడ మాటే ఖాయం చేస్తున్నాను.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఫ్లాటు నా తదనంతరం మా అక్క కూతురికి సర్వహక్కులతో చెందాలి.

2. ఈ వీలునామాను అమలు జరపవలసింది మా అక్క. "అది మొద్దు, దానికి కాగితాలేం తెలుస్తాయే, నాకప్పజెప్పు" అన్నాడు అన్నయ్య. "నిజమేనే, నావల్ల కాదు" అంది అక్క కూడా. అందుకే ఆ 'మొద్దు' అనే పేరు పుట్టుక ఇక్కడ రాస్తున్నాను. దుకాణం పనితో చదువు వెనకబడి, అక్క నా తరగతిలోనే చేరింది. కొత్త బడి మొదటిరోజు నా యూనిఫాం ఆరలేదు. ఇస్త్రీకి వచ్చిన బట్టల్లోంచి ఇంజనీరుగారి అమ్మాయి యూనిఫాం తీసి అమ్మ నాకు తొడిగింది. అక్కది మాసికలు వేసినది. టీచరమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసి నన్ను మొదటి బెంచీలో, అక్కను చివర గోడవారన కూర్చోబెట్టారు. ఒక్క ప్రశ్నయినా అడగలేదు. అక్కాచెల్లెళ్లమని తెలిశాక కూడా బెంచీలు మారలేదు. చిన్నది చురుకు, పెద్దది మొద్దు అని తేలిపోయింది. ఆ చురుకుదనం నాదో, ఆ బెంచీదో నాకింతవరకూ తేలలేదు.

3. నా పుస్తకాలన్నీ, బీరువాతో సహా, ఆ టీచరమ్మకే. నేను తడబడితే "ఆలోచిస్తోంది, ఆగండర్రా!" అని కాపు కాసేవారు. ఆ నమ్మకమే నాకు అన్నం పెట్టింది, రుణపడి ఉన్నాను. అక్క తడబడితే మాత్రం "దీని బుర్రకెక్కదులే" అనేవారు. దానికి ఆవిణ్ని క్షమించే హక్కు నాది కాదు.

4. తన యూనిఫాం నా ఒంటి మీద గుర్తుపట్టి కూడా పెదవి విప్పని ఇంజనీరుగారి అమ్మాయికి నా నీలం శాలువా. ఏనాడూ వేళకు రాని అన్నయ్యకు నా గోడగడియారం, ప్రేమతోనే.

5. చిత్తుప్రతిలో, పిల్ల డిగ్రీ పూర్తిచేస్తేనే ఫ్లాటు దక్కాలని షరతు పెట్టాను. అక్క నిదానంగా చదివి, కలం అడిగి తీసుకుని, ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. "డిగ్రీ తెస్తేనే అది నీ పిల్లా? ఇచ్చేదుంటే ఇచ్చెయ్. ఏం చదవాలో అదే చూసుకుంటుంది." అమలుదారు నిర్ణయం ప్రకారం ఆ షరతు రద్దయింది.

తేదీ: మార్చి పద్నాలుగు, మంగళవారం.

(సంతకం) చిన్నమ్మాయి

సాక్షులు: డాక్టరుగారు, పక్క ఫ్లాటు దర్జీ

చదివి, దిద్ది, అమలు బాధ్యత ఒప్పుకున్నాను: (సంతకం) అక్క