గడ్డానికి ఆది

దవడల డాక్టరుగారికి,

బట్టలు కుట్టుకునే ఆవిడ నమస్కారాలు. నేను చదివింది మూడో తరగతి, తప్పులుంటే ఏమనుకోకండి. మంగళవారం మీరు దవడ ఆపరేషన్ చేసే అమ్మాయి నా కూతురు. పళ్ళు కలవక ఇరవై నాలుగేళ్ళుగా ఒక పక్కనే నములుతోంది. పళ్ళు కలపండి, వద్దనను. ముందుకు పొడుచుకొచ్చిన ఆ గడ్డం మాత్రం అలాగే ఉంచాలి. అది వాళ్ళ అన్నయ్య గడ్డం. నా కొడుకు చనిపోయి రెండేళ్ళు. ఇప్పుడు వాణ్ణి నేను చూసుకునేది దాని మొహంలోనే.

మా పనిలో కొత్త జాకెట్టుకి కొలత కోసం పాతది ఆది ఇస్తారు. అలాగే వాడి ఫోటో పంపుతున్నాను. దారప్పోగంత కూడా తగ్గకూడదు.

ఇట్లు, తల్లి.

మర్చిపోయాను: లోపల కాస్త ఎక్కువ వదిలి కుట్టండి. రేపు విప్పాల్సొస్తే పనికొస్తుంది.

*

అమ్మగారికి,

మీ ఉత్తరం డాక్టరుగారి గదిలోకి, ఫోటో నా బల్ల మీదికి వచ్చాయి. ఈ అబ్బాయి దవడ కూడా సరిచేయవలసిందే. మంగళవారమే ఇతనికీ సమయం ఇచ్చాం. పరగడుపున తీసుకురండి.

విధేయుడు, ఆస్పత్రి గుమాస్తా.

తా.క.: మీసం తీయించుకుని రమ్మనండి.

*

గుమాస్తా బాబుకి,

వాడు బతికుంటే ఈ ఉత్తరాలెందుకు నాయనా? వాడి దవడకేం తక్కువ? వీధి మొదట్లో ఉండగానే నా కొడుకని తెలిసిపోయేది. నలుగురికీ చూపించి మురిసిపోయేదాన్ని. ఆది ప్రకారం చెయ్యడం మీ డాక్టరుకి చేతకాకపోతే చెప్పండి. మంగళవారం ఆపరేషన్ గది గుమ్మానికి అడ్డంగా పడుకుంటాను.

ఇట్లు, ఫోటోలో ఉన్నవాడి తల్లి.

మర్చిపోయాను: ఆ మీసం నేను చెప్పినా వాడు తియ్యలేదు.

*

అమ్మా,

మా గుమాస్తాని క్షమించండి. కానీ ఆయనకి ఆ మొహం నిజంగానే తెలుసు. పాత కాగితాలు వెతికాం. మూడేళ్ళ కిందట మీ అబ్బాయి ఇదే ఆపరేషన్ కోసం వచ్చాడు. రోజు ఖాయం చేసుకున్నాడు, వారం ముందు మానుకున్నాడు. కారణం అన్నచోట ఇలా రాశాడు: 'మా అమ్మకి ఈ గడ్డమంటే ప్రాణం. ఆవిడకి చెప్పలేను.'

పళ్ళు కలవాలంటే కింది దవడ వెనక్కి జరగాలి, దాంతో గడ్డమూ వెళుతుంది. మూడు వారాలు వాపుతో మీరే పోల్చుకోలేరు. వాపు తగ్గాక పెదాలు హాయిగా కలుస్తాయి. అమ్మాయి సరేనంది. మీరు అడ్డం పడుకుంటే మాత్రం మేం దాటి వెళ్ళలేం.

మీ డాక్టరు.

తా.క.: లోపల ఎక్కువ వదలడం మా పనిలో కుదరదు.

*

డాక్టరుగారికి,

రెండు రోజులు మిషను తొక్కలేదు. నవ్వినప్పుడు వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే సిగ్గనుకున్నాను. ఆ చెయ్యి లాగేసి మరీ అందరికీ చూపించాను. నా కోసం వాడు ఓర్చుకున్నాడు. అమ్మాయి ఓర్చుకోనక్కర్లేదు. ఎంత వెనక్కి జరపాలో అంత జరపండి. ఎంత వాచినా నా పిల్లని నేను పోల్చుకుంటాను.

ఇట్లు, ఇద్దరి తల్లి.

మర్చిపోయాను: ఆనాడు వాడు ఏ కుర్చీలో కూర్చున్నాడో గుమాస్తా బాబుని చూపించమనండి. అమ్మాయి లోపలున్నంతసేపూ నేను అందులోనే కూర్చుంటాను.