కవచం ముందు ఎవరికి

తమ్ముడు తొలొగోన్‌కి,

నరీన్ పట్టణ ప్రజలకు, వారి గొర్రెలకు, గుర్రాలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఆన్‌లైన్ ఆటలో మన జట్టుకు వైద్యం చేసే నేను ఒక తప్పు చేశాను.

ఆ రోజు రాక్షసుడు నీ మీద గొడ్డలి ఎత్తాడు. నా దగ్గర మిగిలింది ఒక్క కవచం. హెడ్‌ఫోన్‌లో, మన జట్టులో అందరికన్నా పెద్దవాడు అలిమ్‌కుల్ పెద్దన్న "ముందు పెద్దోళ్లకి పెట్టరా" అన్నాడు. విందులో మాంసం పంచినట్టు, వయసు చూసి ఆయనకే వేశాను. ఆయనేమో ఎక్కడో వెనకాల బండచాటున ఉన్నాడు. నువ్వు చచ్చావు.

"అన్నా, ఇదేమన్నా విందా, వరస చూసి వడ్డించడానికి?" అని నువ్వు అరిచావు. "గడ్డం నెరిశాక రారా, పెద్దలకిచ్చే గొర్రె తలకాయ నీకే పెడతా" అని నవ్వాను. ఇక నువ్వు రాలేదు.

ఇప్పుడు నేర్చుకున్నాను. గొడ్డలి లేస్తుండగానే, ఎదురుగా నిలబడ్డవాడికే కవచం వెయ్యాలి. నాకు నేను వేసుకుందామంటే అది పనిచెయ్యదు.

జట్టంతా రోజూ నీ పేరే తలుస్తోంది. రేపు సాయంత్రం రా.

నీ అన్న

ఇంకో మాట. జట్టు తలుస్తోందన్నది నేను కల్పించిందే. నువ్వెళ్లిన వారానికే అందరూ మానేశారు. రోజూ ఆట తెరిచి నిలబడేది నేనొక్కణ్ణే.