మచ్చలేని మావిడాకులు

ఫిబ్రవరి 9
ఛీ. వెండి కలపని ఉత్త మావిడాకు కషాయం కూడా క్రిములను చంపేసింది. ప్లేటులో క్రిములు చచ్చినంత మేరా అదే వలయం, అంతే వెడల్పు. ఇక నా వెండి నానో కణాలు ఏం చేసినట్టు? రూట్ కెనాల్ కడగడానికి కొత్త మందు అంటూ డెంటల్ పీజీ అంతా దీనికే ధారపోశాను.

ఫిబ్రవరి 10
గైడు సార్‌కి చూపించాను. "ఆకులోనే గుణం ఉందని రాసెయ్యమ్మా. ఎక్కువ ఆలోచించకు." ఆలోచించకుండా ఎలా—

ఫిబ్రవరి 13
ఆగిరిపల్లి. బాబాయి కౌలు తోట. ఆకులన్నీ ఇక్కడివే, ఆయన కోయించి పంపినవే. ఏ చెట్లవి బాబాయ్ అని అడిగాను.
"మందు కొట్టిన వరసలోవమ్మా. కొట్టనివాటికి అన్నీ మచ్చలే. ఇంటి ఆడపిల్లకి పంపేది కాయైనా ఆకైనా ఏరి పంపాలా వద్దా?"
ఏం మందు? రాగిది. పూతకి ముందు అందరూ కొట్టేదే. క్రిములను చంపింది అదే... నీళ్లతో పైపైన కడిగి మరిగించేశాను. తోటల్లో పుట్టి పెరిగినదాన్ని, ఒక్క మాట అడగలేదు. నా బుద్ధి గడ్డి తింది. ఆయనేమో ఇంకో సంచి నింపుతున్నాడు, నిగనిగలాడేవి ఏరి ఏరి. వద్దని అనలేకపోయాను.

ఫిబ్రవరి 22
మందు పడని ఆకులతో మళ్లీ చేశాను. వెండి కలిపినా వలయం దారమంతే. రూట్ కెనాల్ కడగడానికి పళ్ల డాక్టర్లందరూ వాడే హైపో ద్రావణం ముందు దిగదుడుపు. ఇంకోసారి చేశాను. అంతే. ఏడుపు కూడా రావడం లేదు.

ఫిబ్రవరి 23
సార్‌కి అంతా చెప్పాను. "తోట సంగతి నీకూ నాకూ మాత్రమే తెలుసు. పాత ఫలితాలే పెట్టు. డిగ్రీ కావాలా, వద్దా?"

ఫిబ్రవరి 24
అన్నం సహించడం లేదు.

ఫిబ్రవరి 25
బాబాయి. చెప్పాపెట్టకుండా, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి కాలేజీకే వచ్చేశాడు. కుడి దవడ బూరెలా వాచింది. పోయినేడు రూట్ కెనాల్ చేయించిన పన్నే. లోపలంతా చీము.
"నూజివీడు డాక్టరు పీకేద్దామన్నాడు. మా అమ్మాయి మా తోట ఆకుల్తోనే మందు కనిపెట్టిందండీ, దాంతోనే కడిగించుకుంటానని చెప్పి వచ్చాను."
జ్వరం ఉందా బాబాయ్?
"ఉంటే ఉందిలే. కానివ్వు."
కుర్చీలో పడుకోబెట్టాను. పన్ను తెరిచాను. సిరంజిలో హైపో. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.
"ఇదేనా అమ్మా, మనది?"
నోరు తెరిచే ఉంచు బాబాయ్, మాట్లాడకు... అన్నాను.
కడిగాను. చీము ఇంకా వస్తూనే ఉంది. రేపు మళ్లీ రమ్మన్నాను. థీసిస్ ఇవ్వాల్సిందీ రేపే.
ఇదేనా మనదని బాబాయి మళ్లీ అడుగుతాడు.