రామిల్ మోకాలి కోసం ప్రార్థన

విండ్సర్, జూలై 9

ప్రియమైన నా హోప్ తల్లికి,

నాన్న నోవహు ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ, మీ అమ్మ జ్ఞానసుందరీ దేవుడి దయవల్ల బాగున్నాం. ఫోన్లో నీ గొంతు వినగానే సంతోషంతో నాకు మాటలు రావు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

సీజన్ మొదట్లో వరసగా ఐదు మ్యాచులు ఓడిన మీ లగూన ఫెర్రీమెన్ జట్టు ఫైనల్‌కు వస్తుందని ఈ వీధిలో నమ్మినవాడు టోనీ ఒక్కడే. కారు సీట్ల ఫ్యాక్టరీలో నా పక్క మెషీన్ మీద పద్దెనిమిదేళ్ళు పనిచేసిన ఫిలిప్పీన్స్ మనిషి, నీకు తెలుసుగా. మనీలాలో సాయంత్రం మ్యాచంటే ఇక్కడ పొద్దున ఏడున్నర. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళిపోతాను.

నిన్న నువ్వు టీవీలో నాలుగు సెకన్లు కనిపించావు. కెప్టెన్ రామిల్ మడమకు టేపు చుడుతున్నావు. నేను లేచి నిలబడి "మా అమ్మాయి" అన్నాను.

"తెలుసు కూయా. ఈ సీజన్లో ముప్పైసార్లు చెప్పావు. పక్కకు జరుగు, స్కోరు కనిపించట్లేదు" అన్నాడు టోనీ. కూయా అంటే వాళ్ళ భాషలో అన్నయ్య.

ఏడు మ్యాచుల్లో నాలుగు గెలిచినవాళ్ళకు కప్పు. మనకు మూడు వచ్చేశాయి, వాళ్ళకు రెండే. ఇంకొక్కటి తల్లీ. ఇక్కడి ఆసుపత్రి ఉద్యోగం మానేసి బాస్కెట్‌బాల్ జట్టుకు ఫిజియోగా వెళ్తానంటే, ఆటగాళ్ళ కాళ్ళు పట్టడానికా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీ గురించి వీధంతా చెప్పుకు తిరుగుతున్న
నాన్న


మనీలా, జూలై 12

ప్రియమైన నాన్నకు,

ఆరో మ్యాచ్ ఓడిపోయాం, చూసే ఉంటావు. మూడూ మూడూ. ఇక ఏడోదే మిగిలింది.

చూడనిది చెప్తాను. రామిల్ ఎడమ మోకాలు కొబ్బరికాయంత వాచింది. స్కాన్‌లో లిగమెంట్ సగం తెగి ఉంది. నాకు, కోచ్‌కు, యజమానికి, రామిల్‌కు తప్ప ఎవరికీ తెలియదు. అతనికి ముప్పై ఆరేళ్ళు, ఒక్క కప్పూ గెలవలేదు. "నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇప్పించు హోప్, ఆ ఒక్క సాయంత్రం ఆడేస్తాను" అంటున్నాడు. యజమాని మాటా అదే. ఆడితే మిగిలింది కూడా తెగుతుంది, తర్వాత సరిగ్గా నడవగలడో లేదో. ఆడొచ్చని సంతకం పెట్టాల్సింది నేను.

పెట్టను అన్నాక జట్టు ఓడితే, నా కాంట్రాక్టు అక్కడితో సరి. ఓటమికి కారణం నేనే అంటారు. నాకు భయంగా ఉంది నాన్నా. ఎవరికీ చెప్పొద్దు. ప్రార్థన మాత్రం చెయ్యి.

నీ హోప్


విండ్సర్, జూలై 14

ప్రియమైన తల్లీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నేను తప్పు చేశాను.

ప్రార్థన చెయ్యమన్నావు కదా. శనివారం రత్నకుమారి గారింట్లో ప్రార్థన కూడిక. "ప్రార్థనాంశాలు ఉంటే చెప్పండి" అని అడిగారు. నా గుండె నిండుగా ఉంది. నేను మనుషులకు చెప్పలేదు తల్లీ, దేవుడికే చెప్పాను. కాకపోతే గట్టిగా చెప్పాను. "ప్రభువా, కెప్టెన్ రామిల్ ఎడమ మోకాలిని ముట్టండి, సంతకం విషయంలో నా బిడ్డకు ధైర్యం ఇవ్వండి" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

రత్నకుమారి గారు అలవాటు ప్రకారం దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులోని షెర్లీ ఆసుపత్రిలో తన వార్డులోని ఫిలిప్పీన్స్ నర్సుకు, మీరూ ప్రార్థించండమ్మా అని చూపించింది. ఆదివారం మధ్యాహ్నానికి టోనీ మా గుమ్మంలో ఉన్నాడు.

"కూయా, సీజనంతా నా సోఫాలో కూర్చున్నావు. నాకు చెప్పకుండా దేవుడికి చెప్తావా?"

"నీకెలా తెలిసింది?"

"మనీలా నుంచి మా బావమరిది ఫోన్ చేసి చెప్పాడు."

నాకు ముద్ద దిగడం లేదు. "ఆ నోటికి రెండు చుట్లు టేపు చుట్టమని రాయండి హోప్‌కు" అంటోంది మీ అమ్మ. మీ యజమానికి నేను రాయనా, తప్పు ముసలాడిది, పిల్లది కాదని? అడ్రసు పంపు.

తలెత్తుకోలేని
నాన్న


మనీలా, జూలై 16

ప్రియమైన నాన్నా,

ముందు అన్నం తిను.

నిజమే, యజమాని పిలిచాడు. బయటికి చెప్పిందెవరు అన్నాడు. మా నాన్న అన్నాను. ఏ పేపర్లో పనిచేస్తాడు అన్నాడు. పేపరు కాదు సార్, ప్రార్థన చేశాడు అన్నాను. కోచ్ గోడవైపు తిరిగాడు, భుజాలు ఊగుతున్నాయి. యజమాని మాత్రం నవ్వలేదు. నీ సంగతి మ్యాచ్ అయ్యాక చూద్దాం అన్నాడు.

ఇవాళ రామిల్ వాళ్ళమ్మ వచ్చింది. వాళ్ళ దీవిలో చేపల మార్కెట్‌లో ఎవరో చెప్పారట. పడవ ఎక్కి, బస్సు ఎక్కి, సంచీతో సహా తిన్నగా మా ప్రాక్టీసు హాల్లోకి వచ్చింది. కొడుకు మోకాలి మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. ఆరున్నర అడుగుల మనిషి కేక పెట్టాడు. "ఇంజెక్షన్ ఎవరు ఇస్తారు? ముందు నాకివ్వండి" అంది యజమానితో. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆడకూడదని రాసి సంతకం పెట్టేశాను. ఎల్లుండి మ్యాచ్. ఓడితే నా సూట్‌కేసుకు చోటు చూసి పెట్టు.

నీ హోప్


విండ్సర్, జూలై 20

ప్రియాతిప్రియమైన నా బంగారు తల్లికి,

గెలిచాం, గెలిచాం, గెలిచాం. ఒక్క పాయింటు తేడాతో. ఆఖరి పదకొండు సెకన్లు నేను కళ్ళు మూసుకున్నాను. టోనీ నా చెయ్యి నలిపి పిండి చేశాడు. రామిల్ స్థానంలో ఆడిన ఆ పొట్టి ఆటగాడు మూల నుంచి బంతి విసిరాడట. కళ్ళు తెరిచేసరికి రామిల్ ఊతకర్రలు పైకెత్తి ఒంటికాలి మీద గెంతుతున్నాడు, నువ్వు వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెడుతున్నావు. కప్పు వచ్చినా నీ డ్యూటీ నీదే.

యజమాని ఇంకో రెండేళ్ళకు కాంట్రాక్టు ఇచ్చాడని నువ్వు ఫోన్లో చెప్పాక మీ అమ్మ ఒక్క నిమిషం ఏడ్చి, అక్కడ గోంగూర దొరుకుతుందా అని అడిగింది. సంతకం పెట్టెయ్యి తల్లీ. చూడాలనిపిస్తే మేమే విమానం ఎక్కుతాం.

ఒక సంగతి. నిన్న రామిల్ వాళ్ళమ్మ, టోనీ బావమరిది ద్వారా నంబరు సంపాదించి, టోనీకి వీడియో కాల్ చేసి నన్ను చూపించమంది. క్షమించమని చేతులు జోడించాను. ఆవిడ ఏదో అంది. టోనీ ముక్కు తుడుచుకుని నాకు అర్థం చెప్పాడు. "ఆటలో చేరినప్పటి నుంచి ఎక్కడ నొప్పి పుట్టినా వాడు నాకు చెప్పలేదు. మీ పిల్ల మీకు చెబుతుంది. అదృష్టవంతులు" అందట.

అప్పటి నుంచి నేను నేల మీద లేను. ఇంకెప్పుడు భయమేసినా నాకు రాయి తల్లీ. ఈసారి దేవుడికి చెవిలో చెప్తాను.

నీ
నాన్న