మా పాత ఊరి నూతి నీళ్లు

మంగళవారం, గరాచర్మ

ఈ దీవికి రాకముందు మావాళ్లు తాగిన నూతి నీళ్లను మావయ్య షిప్‌లో సీసాతో తెచ్చాడు. నడుం వంగిపోయినా అమ్మ ఇప్పటికీ ఆ నీళ్ల తీపినే తలుచుకుంటుంది. ఇచ్చే ముందు ఎందుకైనా మంచిదని నేను పనిచేసే ల్యాబ్‌కి పట్టుకెళ్లాను. ఎర్ర మందు కలిపిన కాసేపటికి పసుపు రంగుకి తిరిగాయి. అంటే ఎముకల్ని వంచేసే ఫ్లోరైడ్ ఉన్నట్టే.

"దీదీ, ఏక్ బార్ ఫిర్ చేసి చూడు," అంది పక్క టేబుల్ దగ్గరి మంజు. మళ్లీ పసుపే.

ఇంటికి రాగానే అమ్మ సీసా కోసం చెయ్యి చాపింది.

"తాగొద్దమ్మా. నీ నడుం, అక్క కాళ్లు ఈ నీళ్ల వల్లే వంగిపోయాయి," అన్నాను.

నేను ఇక్కడ పుట్టాను, నా కాళ్లు తిన్నగానే ఉన్నాయి. అక్క మాత్రం నడవలేని స్థితిలోనే చిన్నప్పుడే ఆ ఊళ్లో చనిపోయింది.

అమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "కాళ్లకి బలం వస్తాదని దానికి రోజూ ఇంకో గళాసుడు పట్టేదాన్నే. కడుపు నిండిపోనాదమ్మా అని ఏడిసినా ఇనలేదు."

అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. నేను చెప్పకుండా ఆ సీసా పారబోసి ఉంటే...