వెనకగదికి నెట్

మంగళవారం
నిర్ణయం: ఆదివారం లోపల ఇంట్లోని రెండు కంప్యూటర్లనూ నేనే కలుపుతాను. మెకానిక్‌ని పిలవను. ఇంట్లో ఎవరినీ అడగను.
కారణం: వచ్చే సోమవారం నుంచి నెట్‌లో బొమ్మలు గీయడం నేర్పే క్లాసు. హాల్లో కూర్చుని గీస్తే అందరూ మీద పడి చూస్తారు. మొన్న గీసిన ఆవును చూసి అత్తయ్య, "టీ కెటిల్ బాగా వచ్చిందమ్మా" అన్నారు. వెనకగదిలో పాత కంప్యూటర్ ఉంది, వేసుకోవడానికి తలుపూ ఉంది. నెట్ ఒక్కటే లేదు.
మా ఆయన గడువు పెట్టారు. "ఆదివారానికి అది పనికొచ్చిందా, నీదే. లేదంటే మా చెల్లెలింటికి పంపేస్తాను."
పంపనిస్తానా!

బుధవారం
పొడుగు వైరు కొన్నాను. హాల్లోని కొత్తదానికి నెట్ వస్తుంది, దాన్నుంచి వైరు మీదుగా పాతదానికి. కళ్ళజోడు పెట్టుకుని, కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టే అంతా చేశాను. నెట్ పంచడానికి ఒక టిక్కు, ఫైళ్ళు పంచడానికి ఒక టిక్కు. హాల్లో అన్నీ ఆపేసి వెనకగదికి పరిగెత్తాను.
రాలేదు. మొదటి రోజే వచ్చేస్తే మజా ఏముంది?

గురువారం
ఉదయం: రాలేదు. వైరు పీకి మళ్ళీ పెట్టాను. రాలేదు.
సాయంత్రం: వచ్చింది!! మా ఆయన హాల్లో ఆఫీసు పని చేసుకుంటుంటే ఆయన ఫైళ్ళన్నీ ఇక్కడ కనిపించాయి. నెట్ కూడా! క్లాసు పేజీ తెరిచి టీచరమ్మ ముఖం చూశాను. అందరికీ చెప్పి వచ్చేసరికి ఆయన లేచారు. నెట్ పోయింది.
ఆయన కూర్చుంటే వస్తుంది, లేస్తే పోతుంది. నాకు లేని భయం దీనికెందుకో!

శుక్రవారం
రాలేదు. ఉక్కగా ఉంది, అందుకే కాబోలు. వైరు మరీ పొడుగేమో. కళ్ళజోడు కూడా పాతదే. అసలు నేను ఆవులు గీయకపోతే ఎవరి కొంపా మునగదు.
మధ్యాహ్నం మెకానిక్‌కి ఫోన్ చేశాను. పిలవలేదు, సలహా అడిగాను. అంతే.
"రెండూ ఆన్‌లోనే ఉన్నాయా మేడమ్?"
నన్నేమనుకున్నాడు! పెట్టేశాను.

శనివారం
ఆడపడుచు ఫోన్: "వదినా, కంప్యూటర్‌కి ఇక్కడ చోటు చేసేశాం." ఇంకా ఒక రోజుంది!
మళ్ళీ హాల్లో కూర్చున్నాను. టిక్కులు సరిచూసి లేచాను. గుమ్మం దాటుతుంటే అత్తయ్య అన్నారు:
"అమ్మాయ్, రోజూ దాంతో అంతసేపు కుస్తీ పడతావు. పోతూ పోతూ గోడ మీద స్విచ్ ఆపేస్తావు. అదీ పుస్తకంలో ఉందా?"
నా చెయ్యి ఇంకా అక్కడే ఉంది. లైటు, ఫ్యాను, కంప్యూటరు, మూడూ ఒకే ఊపులో.
"ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా!"
"ఎవరినీ అడగనన్నావుగా."
కాపురానికి వచ్చిన కొత్తలో, గది దాటితే అన్నీ ఆపాలని నాకు నేర్పింది ఎవరట?

ఆదివారం
పరీక్ష. నేను వెనకగదిలోంచి కదలలేదు. మా ఆయన హాల్లో ఒక ఫైలు పెట్టి, "కనిపిస్తోందా?" అని అరిచారు.
"కనిపిస్తోంది!"
"నా కళ్ళతో చూస్తేగానీ నమ్మను. ఉండు, వస్తున్నా."
వచ్చారు. తెర మీద ఆ ఫైలు లేదు.
"ఏదీ?"
నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు హాల్లోంచి అత్తయ్య గొంతు:
"ఒరేయ్! దాన్ని ఆపేస్తే ఆపేశావు, లైటు కూడా తీసేశావేంరా? ఇక్కడ నేనో మనిషిని కూర్చుని ఉండగానే!"
మా ఆయన తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి, ఆ చోట్లో ఏ పూలకుండీయో పెట్టుకోమన్నారు.
నాదే!!!

సోమవారం
క్లాసు. అత్తయ్య స్విచ్ పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. టీచరమ్మ ఇంట్లోవాళ్ళను గీయమంది. అత్తయ్య ముక్కు చక్కగా కుదిరింది. చెవి దగ్గరికి వచ్చేసరికి నెట్ పోయింది.
హాలు చీకటి. కుర్చీ ఖాళీ. అత్తయ్య వంటింట్లో మంచినీళ్ళు తాగుతున్నారు.
"గదిలోంచి వచ్చేశాను కదమ్మా," అని, వెంటనే నాలుక్కరుచుకున్నారు.
కొత్త నిర్ణయం: రేపటి నుంచి ఆ స్విచ్ ఎవరూ ముట్టకూడదు. గుర్తుగా దాని పక్కన నా ఆవు బొమ్మ అంటించాను.
అత్తయ్య దగ్గరికి వెళ్ళి చూశారు.
"బాగుందిగానీ అమ్మాయ్, కెటిల్ స్విచ్ అనుకుని ఆపేస్తారేమో."