మిజాజు గరం

సిద్దిపేట, 1946

అక్కకు నీ చెల్లెలు రాసేది. క్షేమం అని రాయబుద్ధి కావడం లేదు.

నెలనెలా వచ్చే కడుపునొప్పికి నన్ను హకీం దగ్గరికి తీసుకుపోయారు. నన్ను పరదా అవతల కూర్చోబెట్టి, అడగాల్సినవన్నీ మీ మరిదిని అడిగాడు. ఏం తింటది, ఎంతసేపు పంటది, మాటకు మాట అంటదా అని. "మొండిది సాబ్. పుస్తకాలు చదువుతది" అన్నాడు ఈయన. నొప్పి ఎక్కడని నన్ను ఇద్దరిలో ఎవరూ అడగలేదు. "మిజాజు గరం. కోపం తగ్గితే నొప్పి పోతది" అని హకీం తేల్చేశాడు. అంటే నా గుణమే రోగమట.

తర్వాత నెలంతా నోరు మెదపలేదు. అయినా నొప్పి వచ్చింది. బయటున్నానని ఎప్పటిలాగే పశువుల కొట్టంలో కూర్చోబెట్టి, పేడ తట్ట ముందర పెట్టారు. పిడకలు చరుస్తూ వాంతి చేసుకుంటే అత్త దూరం నుంచే, "కోపం లోపల దాసుకున్నవు, గందుకే" అన్నది. పేడ కంటే ఆ మాటే ఎక్కువ కంపు కొట్టింది. మొన్న మామకు పన్ను నొచ్చింది. ఆయన మిజాజు సంగతి ఎవరూ ఎత్తలేదు.

నీ శాంతం చూసి నేర్చుకోమని అత్త రోజూ దెప్పుతుంది. నెలనెలా నువ్వూ చాప మీద మెలికలు తిరిగేదానివి కదా అక్కా. ఆ ఒక్క సంగతి కార్డు మీద రాసి టపాలో వెయ్యి. నేనిది గాజులమ్మే కిష్టవ్వ చేతికిచ్చి పంపుతున్నాను గాని, టపాలో వచ్చినవన్నీ మీ మరిదే అందరి ముందు చదువుతాడు.

సిగ్గుపడకు. చదవనీ.